చేతుల సీను

మా తమ్ముడు అన్సెల్మో ఫుర్టాడో, ఇంట్లో మాకు సెల్మో, నాటకాలు రాస్తాడు. సినిమాలు కూడా రాస్తాడు గానీ వాటి మాటెత్తితే మొహం మాడ్చుకుంటాడు. "అక్కడ నా మాటని నిర్మాత మార్చొచ్చు, హీరో మార్చొచ్చు, హీరో పెళ్ళాం కూడా మార్చొచ్చు. నాటకంలో అయితే నేను తప్ప ఇంకెవడూ చెయ్యి వెయ్యడానికి లేదక్కా" అంటాడు. రెండింటికీ పెద్ద పెద్ద అవార్డులు వచ్చాయి. ఆ బొమ్మలన్నీ మా ఫ్రిజ్ మీదే ఉన్నాయి. వాడుండే లాస్ ఏంజెలెస్‌లో దుమ్ము తుడిచేవాళ్ళు లేరట. వేషాలు!

వాడికో పిచ్చి పద్ధతి ఉంది. కొత్త నాటకాన్ని అసలు ప్రారంభానికి ముందు కొన్నాళ్ళు జనం ముందు ఆడించి చూస్తారు కదా, ఆ ప్రివ్యూల్లో వాడు స్టేజీ వైపు చూడడు. వెనక వరసలో కళ్ళు మూసుకుని కూర్చుని జనాన్ని వింటాడు. ఎవరైనా దగ్గారా, అక్కడి మాటకి నూకలు చెల్లినట్టే. మర్నాడు పొద్దున్నే కొట్టేస్తాడు. మనసు నాటకంలో ఉన్నవాడికి గొంతు గరగర గుర్తురాదని వాడి సిద్ధాంతం. జలుబు చేసినవాళ్ళ సంగతేమిట్రా అంటే వినడు.

మా నాన్న బెల్మీరో మా ఊరు న్యూ బెడ్‌ఫర్డ్ రేవులో చేపల పడవ నడిపి నడిపి ముసలివాడైపోయాడు. తమ్ముడి పేరు దేశమంతా మోగించిన మొదటి నాటకంలో ఒక తండ్రి ఉంటాడు. చేపల పడవ, పెద్ద గొంతు. రాసుకుంటున్న కొడుకు చెంప ఛెళ్ళుమనిపిస్తాడు. ఆ తండ్రి ఎవరో మా వీధిలో రొట్టెలమ్మే ఆవిడకి కూడా ఇట్టే తెలిసిపోయింది. నాన్న ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. అప్పట్నుంచీ తండ్రీకొడుకులు క్రిస్మస్‌కి కలిసి వాతావరణం గురించి మాట్లాడుకుంటారు.

"గాలెలా ఉంది?"

"ఉత్తరం గాలి."

అంతే, పండగ అయిపోయింది. నాకైతే ఇద్దరి చెంపలూ వాయించాలనిపించేది.

ఈ చలికాలం వాడు కొత్త నాటకాన్ని మొదటిసారిగా మా ఊళ్ళోనే, మా వీధి చివర పాత సినిమా హాల్లో పెట్టాడు. అక్కడ టికెట్ల కిటికీలో కూర్చునేది నేనే. ఒకరోజు రిహార్సల్ తొంగిచూశాను. పడవ మీద తండ్రీ కొడుకూ. కొడుక్కి అదే మొదటిసారి సముద్రం. చలికి చేతులు కొయ్యబారిపోయి ఏడుస్తున్నాడు. తండ్రి "ఇటియ్యి" అని, తన స్వెటరూ చొక్కా పైకెత్తి, ఆ రెండు చేతులూ తన ఒట్టి పొట్టకి ఆనించుకుంటాడు.

"నీకు చల్లగా లేదా నాన్నా?"

"లేదు. ఉంచు."

అంతే సీను. ఆ పొట్ట మా నాన్నది. చిన్నప్పుడు పడవ దిగి ఇంటికి రాగానే సెల్మో నాకు చెప్పిన మొదటి సంగతి అదే. నోరు తెరిచి నాన్నకి చెప్పుకోలేని క్షమాపణ వాడు ఇలా రాసుకున్నాడు.

ఆ పూట సూప్ వడ్డిస్తూ నాన్నతో అన్నాను. "నాటకంలో నీ గురించి ఉంది. ఈసారి మంచిది."

"నాకెందుకు?" అన్నాడు.

మొదటి ప్రివ్యూ రోజు చూద్దును కదా, చర్చికి వేసుకునే కోటు వేసుకుని, టోపీ కళ్ళ మీదికి లాక్కుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "వాడికి తెలిసిందంటే మళ్ళీ ఆ హాలు గడప తొక్కను. ఒట్టెయ్యి" అన్నాడు. వేశాను. పక్క తలుపు గుండా తీసుకెళ్ళి బాల్కనీలో స్తంభం చాటున కూర్చోబెట్టాను. కింద సరిగ్గా మా కిందే, కళ్ళు మూసుకుని తమ్ముడు.

చేతుల సీను వచ్చింది. నాన్న ఖళ్ళుమని దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. ఈ మనిషికి దగ్గెక్కడిది, సిగరెట్ ముట్టి ఎరగడు అనుకుంటూ తిరిగి చూశాను. అమ్మ పోయినప్పుడు కూడా కన్ను తడవని మనిషి, బుగ్గల మీద కన్నీళ్ళు కారిపోతుంటే, ఆ చప్పుడు బయటికి రాకుండా దగ్గుతున్నాడు. నేను చటుక్కున తల తిప్పేసుకున్నాను. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ప్రతిసారీ అక్కడే దగ్గు.

ఆదివారం పొద్దున్న సెల్మో మా వంటింట్లో కాఫీ తాగుతూ అన్నాడు. "చేతుల సీను తీసేస్తున్నానక్కా."

నా చేతిలో గరిటె సింకులో పడింది. "మతిగానీ పోయిందా నీకు?"

"రోజూ సరిగ్గా అక్కడే దగ్గు. ఒక్కరోజైతే జలుబనుకుందును. ఎవడికో అది ఒట్టి అబద్ధంలా వినిపిస్తోంది. నేను మంచివాణ్ణనిపించుకోడానికి రాసుకున్నానేమో."

"ఎవడో దగ్గితే నీ తండ్రిని తీసేస్తావా?"

"ఇన్నేళ్ళూ ఎవరి కోసమూ ఆ రూలు మార్చలేదు. నా సొంత సీనని మారిస్తే మోసం కాదూ?"

"ఆ దగ్గింది..." అని నోరు జారబోయి నాలుక కరుచుకున్నాను. పక్క గదిలో నాన్న రేడియోలో సముద్రం వార్తలు వింటున్నాడు. చెబితే నాన్న ఇక రాడు. చెప్పకపోతే, తన కొడుకు ఇచ్చింది తిరిగి లాక్కున్నాడనుకుంటాడు. ఎటూ పాలుపోలేదు. "నీ అవార్డులు నీ నెత్తిన కొట్టుకో, మూర్ఖుడా!" అన్నాను. వాడు కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆటకి నాన్న నాకంటే ముందే తయారయ్యాడు. ఈసారి గడ్డం కూడా గీసుకున్నాడు. చెప్పేద్దామని దారి పొడుగునా అనుకున్నాను, నోరు రాలేదు.

పడవ వచ్చింది. నాన్న జేబురుమాలు తీసి పట్టుకుని ముందుకి వంగాడు. స్టేజీ మీద కొడుకు చేతులు ఊదుకున్నాడు, తండ్రి వలలు లాగాడు, దీపాలు మారాయి. పడవ వెళ్ళిపోయి తర్వాతి సీను, వంటిల్లు, వచ్చేసింది. నాన్న నా వైపు చూశాడు. అలాంటి చూపు నేను జన్మలో మళ్ళీ చూడలేను. లేచి బాల్కనీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఆపండి!" తుఫానులో పడవ మీద కేకేసే గొంతు అది. "పిల్లాడి చేతులేవి?"

నటులు బిక్కచచ్చిపోయారు. హాలంతా తలలు పైకెత్తింది. కింద మా తమ్ముడు కళ్ళు తెరిచాడు, కానీ పైకి చూడలేదు. ఆ గొంతు ఎవరిదో వాడు చూసి తెలుసుకోనక్కర్లేదు.

"నాన్నా..." అన్నాడు మెల్లిగా. "అక్కడ రోజూ దగ్గింది నువ్వా?"

"దగ్గెవడు దగ్గాడురా? ఏడ్చాను."

మా తమ్ముడు లేచి నిలబడ్డాడు.

నాన్న గొంతు తగ్గింది. "నేను కొట్టింది చూపించావు. అదీ జరిగిందే, ఎప్పుడైనా కాదన్నానా? ఇది కూడా జరిగిందేగా. ఇది కూడా చూడనీరా జనాన్ని."

సెల్మో స్టేజీ వైపు తిరిగి, "పడవ మళ్ళీ తీసుకురండి" అన్నాడు. అని బాల్కనీ మెట్ల వైపు పరిగెత్తాడు.