ఖాళీ చేసిన ఫ్రీజర్

డెల్బర్ట్ హాస్క్ ఫ్రీజర్‌లోకి తల దూర్చి, చిన్న టార్చిలైటును పళ్ల మధ్య కరచిపట్టుకుని, ఐసు యంత్రం మీది ప్లాస్టిక్ మూత ఊడదీశాడు. ఊపిరి ఆవిరై కళ్లద్దాల మీద పేరుకుంటోంది. బయట మిసిసిపీ ఆగస్టు ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే, ఇక్కడ అతని చెవులు చలికి ఎర్రబడ్డాయి.

ఏదీ పాడవలేదు. అదే అతనికి అంతుపట్టడం లేదు. నీళ్లొచ్చే గొట్టంలో మంచు అడ్డుపడలేదు. మొదటిసారి వచ్చినప్పుడు వాల్వు మార్చాడు. రెండోసారి యంత్రాన్నే తీసేసి కొత్తది బిగించాడు. ఇప్పుడు తీగముక్కతో దాన్ని ఒక్కసారి తిప్పి చూశాడు. అది బుద్ధిగా మూలిగి, తిరిగి, నీళ్లు నింపుకుంది. అతను ఉన్నంతసేపూ పనిచేస్తుంది. వెళ్లాక ఆగిపోతుంది.

"ఏమంటోంది?" వెనక నుంచి ఇమోజీన్ ప్రాట్ అడిగింది. ఎనభై దాటిన మనిషి. డెల్బర్ట్ చిన్నప్పుడు చర్చిలో ఆదివారం బడి పాఠాలు చెప్పింది ఆవిడే. ఇతనికి జుట్టు నెరిసినా ఆవిడ కంటికి ఇంకా నిక్కరులోనే ఉన్నాడు.

"నాకేం రోగం లేదంటోందమ్మా."

"నీ ముందు నటిస్తోంది. నువ్వూ అంతేగా! పాస్టరుగారు వస్తే చేతులు కట్టుకుని కూర్చునేవాడివి, ఆయన అటు తిరగ్గానే ముందు వరసలో కూర్చున్న మార్తా జడ లాగేవాడివి."

డెల్బర్ట్ నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. పొద్దున షాపులో మేనల్లుడు ట్రాయ్ కాఫీ కప్పులోకి చూస్తూ అన్న మాట చెవిలోనే ఉంది. "మావయ్యా, ఆ ఇంటి నుంచి ఇంకోసారి ఫోనొస్తే వ్యాను తాళాలు నాకిచ్చెయ్. కోపం తెచ్చుకోకు."

ఫ్రిజ్‌లు బాగుచేసే ఆ షాపు మొదట బావది, తరవాత మేనల్లుడిది. వ్యాను మీద డెల్బర్ట్ పేరు ఎప్పుడూ లేదు, ఉండాలని అతనూ అడగలేదు. మీసాలు రాకముందు నుంచీ ఇదే పని. ఈ ఊళ్లో మనుషులను అతను ఫ్రిజ్‌ల ద్వారానే ఎరుగును. ఎవరు పాలడబ్బా వెనక సీసా దాస్తారో, ఎవరింట్లో ఇన్సులిన్ కొత్తగా వచ్చిందో, ఏ ఇంట్లో రెండోమనిషి తిండి మానేసిందో అన్నీ చూశాడు, ఎవరితోనూ అనలేదు. పెళ్లి చేసుకోలేదు. సాయంత్రం సార్డీన్ల డబ్బా, ఉప్పు బిస్కట్లు, రేడియోలో బేస్‌బాల్. అతనికి అది చాలింది.

కానీ ఈ మధ్య స్క్రూడ్రైవర్ చక్కెర డబ్బాలో దొరికింది. ఒకరోజు ఎప్పుడో కాలిపోయిన సామాన్ల కొట్టు ముందు వ్యాను ఆపుకుని, తలుపులు ఎందుకు తియ్యలేదా అని చూస్తూ కూర్చున్నాడు. అందుకే ఇప్పుడు ఈ యంత్రాన్ని అనుమానించాలో, తనను అనుమానించుకోవాలో తెలియడం లేదు. వాల్వు నిజంగా మార్చానా, మార్చాననుకున్నానా?

"రా, రెండు ముద్దలు తిను. ఖాళీ కడుపుతో ఎవరికైనా ఏం తోస్తుంది?"

బల్ల మీద చల్లటి వేపుడు కోడి, టమాటా ముక్కలు. డెల్బర్ట్ ఫ్రీజర్ తలుపు వేయడం మరిచి వచ్చి కూర్చున్నాడు. ఇమోజీన్ వరండాలోని ఐసుపెట్టెలో దాచిన సరుకంతా మోసుకొచ్చి ఫ్రీజర్‌లో సర్దడం మొదలుపెట్టింది. బఠానీల సంచులు, బెండకాయ ముక్కలు, చివరికి రేకు కప్పిన పెద్ద గాజు గిన్నె. దాన్ని పై అరలో ఏటవాలుగా నెట్టింది. గిన్నె అంచు ఐసు యంత్రం పక్కనున్న ఇనపతీగను మెల్లగా పైకి లేపింది.

డెల్బర్ట్ చేతిలో కోడికాలు ఆగిపోయింది.

"ఆగండాగండి! అదెప్పుడూ అక్కడే పెడతారా?"

"ఇంకెక్కడ పట్టి చస్తుంది?"

"నేను వచ్చినప్పుడల్లా తీసేస్తున్నారా?"

"అన్నీ తీసి తుడిచి పెడతాను! ఇంటికొచ్చినవాడికి మురికి ఫ్రీజర్ చూపిస్తానా? మా అమ్మ నన్నలా పెంచలేదు."

అతను లేచి వెళ్లాడు. టార్చి వెలిగించి ఐసు పడే తొట్టిలో పెట్టి తీగను చూశాడు. తొట్టి నిండితే ముక్కల కుప్ప ఆ తీగను లేపుతుంది, యంత్రం ఆగుతుంది. గిన్నె లేపినా దానికి ఒకటే. తొట్టి ఖాళీగా ఉన్నా, నిండిపోయిందనుకుని ఇన్నాళ్లూ ఊరుకుంది.

గిన్నె కిందికి దించాడు. అడుగున అంటించిన టేపు మీద 'ఓపల్' అని ఉంది. ఎవరి గిన్నె వాళ్లింటికి చేరాలని ఈ ఊళ్లో అందరూ అలాగే రాస్తారు. ఓపల్ ఇమోజీన్ చెల్లెలు. వసంతంలో పోయింది. గిన్నె చేరాల్సిన ఇంటికి తాళం పడింది.

"పీచ్ పళ్ల కాబ్లర్," అంది ఇమోజీన్, చెల్లెలు చేసిచ్చిన ఆ తీపివంటకం వైపు చూస్తూ, కొంచెం సిగ్గుగా. "తినలేను. పారెయ్యలేను."

"పారెయ్యక్కర్లేదమ్మా. కింద పెడదాం."

బఠానీల కింద దానికి చోటు చేసి, తలుపు మూశాడు. గోడ ఫోనులో ట్రాయ్‌కి చెప్పాడు. "దొరికిందిరా. నా తప్పేం లేదు. నా తల బాగానే ఉంది!"

వ్యానెక్కి, ఇంజను తిప్పి, ఇమోజీన్ ఇంటి వాకిట్లోంచి రోడ్డును చూశాడు. రోడ్డు కుడివైపుకీ పోతోంది, ఎడమవైపుకీ పోతోంది. రెండువైపులా అవే పైన్ చెట్లు, అవే పోస్టుడబ్బాలు. పుట్టి పెరిగిన ఊరు. అతను చాలాసేపు చూశాడు.

ఇమోజీన్ మెట్లు దిగి వచ్చింది. "ఇంకా ఇక్కడే ఉన్నావేంరా నాయనా?"

"ఎటు వెళ్లాలమ్మా?"

ఆవిడ కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజను ఆపింది. లోపలికెళ్లి ట్రాయ్‌కి ఫోన్ చేసింది.

ట్రాయ్ పరుగున వచ్చేసరికి డెల్బర్ట్ మెట్ల మీద ఉన్నాడు. మేనల్లుడు అడగకముందే తాళాలు అతని అరచేతిలో పెట్టాడు.

"అదేంటి మావయ్యా, లోపం దొరికిందన్నావుగా!"

"అది దొరికింది. ఇంటికి దారే దొరకలేదు."

ట్రాయ్ అతని భుజం పట్టుకుని తన కారు దాకా నడిపించాడు. వ్యాను వాకిట్లోనే ఉండిపోయింది.

పొద్దువాలాక ఇమోజీన్ టీలోకి ఐసు కోసం ఫ్రీజర్ తెరిచింది. తొట్టి సగానికి పైగా నిండింది. ముక్కల అడుగున డెల్బర్ట్ మరిచిపోయిన టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది.