కాయ రంగు తెలిసేంత వెలుగు

అయినా ఆ ఫ్యాను ఎంత బరువుండి ఉంటుందో, పత్తి మిల్లులో వాడే ఇనుప ఫ్యాను, దాన్ని అమెరికాలో పద్నాలుగేళ్ళ నల్ల పిల్లాడి మెడకి ముళ్ళతీగతో కట్టి నదిలో పడేశారని యలమంద మాస్టారు క్లాసులో చెప్పినప్పుడు అందరూ అయ్యో అన్నారు, నాకు మాత్రం మా ఊరి బయట జిన్నింగు మిల్లు చప్పుడు వినిపించింది, ఇప్పుడూ వినిపిస్తోంది, గుంటూరు కోర్టు వరండాలో అమ్మ పక్కన ఈ బల్ల మీద కూర్చుంటే, బంట్రోతు తలుపు దగ్గర నిలబడి ఎవరెవరి పేర్లో మూడేసిసార్లు పిలుస్తున్నాడు, నా పేరు ఇంకా రాలేదు, అమ్మ చీర కొంగు వేలికి చుడుతోంది, విప్పుతోంది, మళ్ళీ చుడుతోంది, చీకటి పడిందని చెప్పమ్మాయ్, ఒక్క మాట, మనిషి ఆనవాలు తెలీలేదని చెప్పెయ్, పోయినోడు నాకు తమ్ముడు, తోడబుట్టినోడు, నేనే చెప్తన్నా కదా, అంటోంది, పొద్దున ఊరి బస్సు దిగినప్పటి నుంచీ ఇదే మాట, వరండా చివర ముద్దాయి కోటేష్ నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, పక్కన వాళ్ళ వకీలు, బెయిలు మీద బయటికొచ్చి పెళ్ళి చేసుకుని ఇద్దరు పిల్లల్ని కన్నాడు, కాస్త ఒళ్ళు చేశాడు, మా మామయ్యకి మాత్రం ఎప్పటికీ పోయిననాటి వయసే.

ఎం.ఏ. మొదటి సంవత్సరంలో అమెరికా చరిత్ర పేపరు తీసుకుంటే మార్కులు బాగా వస్తాయని సీనియర్లు చెప్పారు, అంతకంటే ఏమీ ఆలోచించలేదు, ఓడ అడుగున మనుషుల్ని గొలుసులేసి ఒకరి పక్కన ఒకర్ని పడుకోబెట్టి తెచ్చారని, పళ్ళు చూసి వేలం పాడారని, తల్లిని ఒకడికీ బిడ్డని ఇంకొకడికీ అమ్మారని, పొద్దుగూకాక ఏరిన పత్తి తూచి తగ్గితే కొరడా తీసేవాళ్ళని మాస్టారు చెబుతుంటే రాసుకుంటూనే ఉన్నాను, నా చేతివేళ్ళు మాత్రం బెంచీ కింద ముడుచుకున్నాయి, పత్తికాయ పగిలాక దాని డొప్ప అంచు గోరు పక్కన ఎలా గీరుతుందో, సున్నం తగిలితే ఎలా మండుతుందో వాటికి గుర్తుంది, ఆ తర్వాత స్వేచ్ఛ వచ్చింది అన్నారు మాస్టారు, వచ్చాక కుళాయిలు వేరు, బెంచీలు వేరు, బళ్ళు వేరు, తెల్లవాళ్ళకని ఒక బోర్డు, నల్లవాళ్ళకని ఒక బోర్డు, మా ఊళ్ళో బోర్డు లేదు, టీకొట్టు చూరులో ఊరవతల ఉండే మా పల్లెవాళ్ళ గ్లాసులు విడిగా ఉండేవి, పైన ఏమీ రాసి ఉండేది కాదు, రాయాల్సిన పని ఎవరికీ పడలేదు, ఆ పుస్తకంలో ఒక ఫోటో ఉంది, చెట్టుకి ఒక నల్ల మనిషి శవం, కింద జనం, మంచి బట్టలు వేసుకుని కెమెరా వైపు చూస్తున్నారు, వాళ్ళలో నా ఈడు పిల్ల ఒకతి నవ్వుతోంది, నేను ఆ పైన ఉన్న మనిషిని ఎక్కువసేపు చూడలేదు, ఆ పిల్లనే చూశాను, వాళ్ళూ ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళే, మా ఊరి చర్చి కట్టించింది అమెరికా దొరలు, మా ముత్తాతకి బాప్తిస్మం ఇచ్చిందీ, బడిలో చోటు ఇచ్చిందీ వాళ్ళే, మా ఇంట్లో అందరం ఇప్పటికీ ప్రార్థనలో వాళ్ళని తలుచుకుంటాం, ఆ రోజుల్లోనే ఆ దేశంలోనే ఆ చెట్టు కింద ఈ పిల్ల, ఈ రెండూ ఒకే తలలో ఎక్కడ పెట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు, పక్కనున్న శ్రీరమ్య కళ్ళు తుడుచుకుంది, బ్రాడీపేట హాస్టల్లో నాతో గదిలో ఉంటుంది, నరసరావుపేట వైపు రైతుల అమ్మాయి, ఎంత ఘోరమే ఫెబా, మనుషులేనా వాళ్ళు అంది, నిజంగానే ఏడ్చింది, ఆ సాయంత్రం మెస్సులో నాకు కోర్టు వాయిదా ఉంది, మా మామయ్య కేసులో సాక్ష్యం చెప్పాలి అంటే, అలాంటి కేసులు సగం కావాలని పెట్టించేవే అంటారే మా నాన్న, మీది కాదులే, మామూలుగా అంటున్నా అంది, పెరుగు గిన్నె నా వైపు జరుపుతూ అంది, ప్రేమగానే జరిపింది, అందుకే నాకు ముద్ద దిగలేదు.

మబ్బు పట్టింది మామయ్య పోయిన రోజు, నా పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి, అయినా అమ్మతో కళ్ళానికి వెళ్ళాను, కోటేష్ వాళ్ళ మిరప కళ్ళమే, ఎర్రగా పరిచిన కాయల్లోంచి తెల్లబడ్డ తాలు కాయలు ఏరి పక్కన పోస్తున్నాం, వాన పడేట్టుందే, కప్పడానికి పట్టాలు అడిగి తెస్తానుండు అని అమ్మ ఊళ్ళోకి వెళ్ళింది, నేను ఒక్కదాన్నే, అప్పటికి సాయంత్రమైంది, అంతకుముందు మధ్యాహ్నం బాలస్వామి మామయ్య ట్రాక్టరు మీద పత్తి బోరేలు వేసుకుని మిల్లుకి వెళ్తూ కళ్ళం దగ్గర ఆపి, ఏం కోడలా, పరీక్షలు పాసైతే స్టీరింగు నీ చేతికిస్తా, ఊరంతా చూస్తది అని నవ్వి వెళ్ళాడు, ముందు కోటేష్ మోటారు సైకిలు, ముగ్గురు కూర్చుని రోడ్డు మధ్యన నడుపుతూ దారి ఇవ్వడం లేదు, మామయ్య హారన్ కొట్టాడు, ఇవ్వలేదు, మళ్ళీ కొట్టాడు, పక్కకి జరిగారు, అంతే, ట్రాక్టరు వెళ్ళిపోయింది, కోటేష్ బండి ఆపి వెనక్కి చూసి, ఎవడ్రా వాడు, నాకు హారన్ కొట్టేంత మొగాడా అన్నాడు, నాకు వినపడింది, అక్కడ అమెరికాలో, ఫ్యాను కట్టి పడేసిన ఆ పిల్లాడు ఒక తెల్లావిడని చూసి ఈల వేశాడన్నారు, వేశాడో లేదో ఎవరికీ సరిగ్గా తెలియదు, అక్కడ ఈల, ఇక్కడ హారన్, గాలిలో కలిసిపోయే శబ్దానికి మనిషినే తీసేశారు, సాయంత్రం మామయ్య తిరిగొచ్చేటప్పుడు ట్రాక్టరు ఖాళీ, ఆ ముగ్గురూ రోడ్డుకి అడ్డంగా బండి పెట్టారు, మామయ్య దిగి, పొరపాటైపోయిందయ్యా అనబోయినట్టు రెండు చేతులూ ఎత్తాడు, ఇనుప రాడ్డు కోటేష్ చేతిలో ఉంది, నేను మిరపకాయల రాశి వెనక కూర్చుండిపోయాను, ఘాటుకి దగ్గు వస్తోంది, నోట్లో ఓణీ కుక్కుకున్నాను, అరిచానో లేదో ఇప్పటికీ గుర్తుకి రావడం లేదు, గుంటూరు ఆసుపత్రికి తెచ్చేలోపే అయిపోయింది, శవపెట్టె మూత మూసేద్దాం, మొహం చూడలేరు అని పాస్టరు గారంటే అమ్మ ఒప్పుకుంది, అక్కడ ఆ పిల్లాడి తల్లి మాత్రం మూత తెరిచే ఉంచమంది, నా కొడుకుని ఏం చేశారో లోకం చూడాలంది, చదివినప్పుడు మా అమ్మ మీద కోపం వచ్చింది, ఇక్కడ పక్కన కొంగు చుట్టుకుంటూ కూర్చున్న ఈ ప్రేమమ్మ మీద, నువ్వెందుకు మూయనిచ్చావమ్మా అని అడుగుదామనుకుని అడగలేదు.

పోయిన ఆదివారం నేను ఊరెళ్ళినప్పుడు కోటేష్ వాళ్ళమ్మ బసవమ్మ గారు మా ఇంటికి వచ్చింది, మా పల్లెలోకి ఆవిడ రావడం అదే మొదలు, అమ్మ కుర్చీ తుడిచి వేస్తే కూర్చోలేదు, గుమ్మం బయటే నిలబడి, ఏమే ప్రేమమ్మా, పిల్లదానికి చెప్పుకో, వాడూ ఏదో ఆవేశంలో చేశాడు, కుర్రతనం, ఇప్పుడు పిల్లలుగలోడు, నేను మళ్ళీ కడుపుతో ఉన్న కోడల్ని పెట్టుకుని ఏం కావాలి, చీకట్లో ఎవరో ఏవిటో అంటే సరిపోద్దిగా, చదువుకున్న పిల్ల, మంచి పేరుంది, పాడు చేసుకోవద్దని చెప్పు అంది, ఆవిడ కళ్ళలో నీళ్ళు, అవీ నిజమే, అమ్మ తల ఊపుతూ అట్టాగే అమ్మగారూ అంది, నేను లోపల్నించి వింటున్నాను, ఆవిడ వెళ్ళాక అమ్మ ఆ కుర్చీని చాలాసేపు అక్కడే ఉంచింది, ఎవరూ కూర్చోకుండా, నాకు మాస్టారు చెప్పిన ముసలాయన గుర్తొచ్చాడు, నదిలో పడేసిన ఆ పిల్లాడికి తాత వరస, కౌలుకి పత్తి పండించుకునేవాడు, రాత్రిపూట ఇంటికొచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుపోయినవాళ్ళు ఎవరో చెప్పమంటే కోర్టులో లేచి నిలబడి వేలు చాపి చూపించాడు, తీర్పు చెప్పేవాళ్ళంతా తెల్లవాళ్ళు, గంటసేపట్లో లేచి నిర్దోషులన్నారు, యలమంద మాస్టారిని అడిగాను, మరి ఆయన చెప్పి ఏం లాభం సార్ అని, ఆయన కళ్ళజోడు తీసి, చెప్పకపోతే ఆ పిల్లాడు నదిలో తనంతట తనే పడ్డాడని రాసుకునేవాళ్ళమ్మా అన్నారు.

ఫెబా, ఫెబా, ఫెబా, బంట్రోతు గొంతు, అమ్మ చెయ్యి నా మోచేతిని పట్టుకుని వదిలేసింది, లోపల ఫ్యాను కీచుమంటోంది, జడ్జి గారు తల ఎత్తలేదు, దేవుడి మీద ప్రమాణం చేయించారు, ప్రభుత్వ వకీలు ఏం చూశావమ్మా అంటే చెప్పాను, గొంతు నాది కాదేమో అనిపించేంత మామూలుగా వచ్చింది, వాళ్ళు ఇక్కడ ఉన్నారా అంటే ఉన్నారండీ అన్నాను, ఎవరు అంటే చెయ్యి ఎత్తాలి, చెయ్యి చాలా బరువుగా ఉంది, ఎత్తాను, రాడ్డుతో కొట్టింది ఆయన, కోటేష్ గారు అన్నాను, గారు అన్నాను, అలవాటు, చంపినవాడికి కూడా నా నాలుక మర్యాద ఇచ్చింది, కోటేష్ నన్ను చూస్తున్నాడు, మొహంలో కోపం కూడా లేదు, ఆశ్చర్యం, నువ్వా అన్నట్టు, వాళ్ళ వకీలు లేచాడు, నీ పేరు ఏ భాషలోదమ్మా అన్నాడు, బైబిల్లోదండీ, చర్చికి వెళ్తారా, వెళ్తామండీ, మరి ఎస్సీ కేసు ఎట్లా పెట్టారు, క్రైస్తవులైతే ఆ చట్టం మీకు వర్తించదు తెలుసా అన్నాడు, అమెరికాలో నల్లవాళ్ళ రక్తం ఒక్క చుక్క కలిసినా నల్లవాడే అనేవాళ్ళట, ఇక్కడ చర్చి గడప తొక్కితే నువ్వు ఆ కులం కాదు పొమ్మంటారు, కొట్టేటప్పుడు మా మామయ్యని ఏ చర్చి అని ఎవరూ అడగలేదండీ అన్నాను, అడిగినదానికే జవాబు చెప్పు అన్నారు జడ్జి గారు, సాయంత్రం కదా, మబ్బు కదా, చీకటి పడింది కదా అన్నాడు వకీలు, అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది, అమ్మ నేర్పిన మాటే ఆయన నోట్లోంచి వస్తోంది, అవునండీ అంటే చాలు, అయిపోతుంది, హాస్టలుకి వెళ్ళి పడుకోవచ్చు, చీకటి పడలేదండీ, ఎర్ర కాయలోంచి తాలు కాయ ఏరుతున్నాను, కాయ రంగు తెలిసేంత వెలుగుంది అన్నాను, వకీలు పట్టించుకోలేదు, ఇంకేదో అడిగాడు, జడ్జి గారు మాత్రం అది రాయించారు, తర్వాత వాయిదా వచ్చే నెలకి వేశారు, ఇంకా సాక్షులున్నారు, తీర్పు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

బయట ఎండ, అమ్మ తిడుతుందనుకున్నాను, కొడుతుందేమో అని కూడా అనుకున్నాను, కోర్టు ఎదురుగా నాగూర్ వలి టీ బండి దగ్గర రెండు టీలు చెప్పింది, నా గ్లాసు తన కొంగుతో పట్టుకుని చల్లార్చి ఇచ్చింది, ఇక ఊళ్ళో నిన్నెవరు పనికి పిలుస్తారమ్మా అన్నాను, ఇప్పుడే గుర్తొచ్చినట్టు, నిజంగా ఇప్పుడే గుర్తొచ్చింది, ఆ ముసలాయన సాక్ష్యం చెప్పాక ఆ ఊళ్ళో ఉండలేక పంట చేలోనే వదిలేసి వెళ్ళిపోయాడని పుస్తకంలో ఒక వాక్యం ఉంది, పరీక్షలో రాయడానికి పనికిరాదని దాటేశాను, మర్నాడు పొద్దున ఆ ముసలాయన ఏం తిన్నాడో, ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పాడో ఎవరూ రాయలేదు, అమ్మ టీ తాగి గ్లాసు బండి మీద పెట్టి, ఊరెందుకు, మార్టూరు బస్సెక్కుదాం పద అంది, మార్టూరా అన్నాను, మీ పిన్నికి మొన్నే ఫోన్ చేశా, రాయి పాలిష్ పట్టే కాడ పని ఉందంట, ఇల్లు కూడా చూసింది, చిన్నదే, అంది, సామాను అన్నాను, నిన్ననే పంపిచ్చా, మన ఊరి పీరు లారీ ఖాళీగా పోతంటే వేశా, మంచం లారీలో పట్టలా, దాన్ని పక్కింటోళ్ళకి ఇచ్చేశా అంది, మరి చీకటని చెప్పమన్నావుగా, పొద్దుట్నించీ అదే అన్నావుగా అంటే, అంటానే, కన్నదాన్ని, ఆ మాట నేననకపోతే ఎవరంటారు అంది, అంటూనే రోడ్డు దాటడానికి నా చెయ్యి పట్టుకుంది, చిన్నప్పటిలా, లారీలు వెళ్తున్నాయి, ఆటోలు వెళ్తున్నాయి, నేను ఆగిపోయాను, నిన్ననే, అంటే బసవమ్మ గారికి అట్టాగే అని తల ఊపిన ఈ మనిషి, మూత మూయనిచ్చిందని నేను కోప్పడిన ఈ మనిషి, నేను పుట్టి పెరిగిన ఇల్లు నిన్ననే ఖాళీ చేసి, తలుపుకి గొళ్ళెం పెట్టి, నాకు ఒక్క ముక్క చెప్పకుండా బస్సెక్కి వచ్చింది, పద, బస్సు పోద్ది అంటోంది, నేను బోనెక్కకముందే మా అమ్మ తన సాక్ష్యం చెప్పేసింది.