రగ్గు కప్పిన కంప్యూటర్

కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళకి ఓపిక ఉండాలంటారు. నాకు లేదు. నా షాపుకొచ్చే ప్రతివాడూ "నేనేం చెయ్యలేదండీ, దానంతటదే ఆగిపోయింది" అంటాడు. ఉన్నట్టుండి ఆగిపోవడానికి దానికేం పోయేకాలం వచ్చింది? ఆ మాటే మొహమ్మీద అడిగేస్తాను.

బావగారు కూడా ఫోన్లో సరిగ్గా అదే అన్నారు. ఆయన్ని మాత్రం ఏమీ అనలేకపోయాను. మా అక్క పోయి ఏడాది కూడా కాలేదు మరి.

అక్క చూపులేనివాళ్ళ కోసం కథలు చదివి రికార్డు చేసేది. వెనక గదిలో తలుపేసుకుని కూర్చునేది. ఆ సమయంలో బావగారికి కూడా లోపలికి ప్రవేశం లేదు. ఆఖరి కథ ఒంట్లో బాగోనప్పుడు, ఆయాసపడుతూ, ఆగి ఆగి చదివింది. పూర్తిచేసిన మర్నాడే ఆసుపత్రిలో చేరింది. మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ కథ ఇంకెవరికీ పంపలేదు, ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉండిపోయింది. బావగారు విందామని కూర్చోవడం, సగంలో అది టక్కున ఆగిపోవడం. ఇదీ వరస.

"మధ్యలోంచి పెట్టుకోవచ్చుగా?" అన్నాను.

"మొదట్నుంచీ వినకపోతే మీ అక్క ఊరుకుంటుందా? ఒక్కసారి చివరిదాకా వినిపించమ్మా. ఇంకేమీ అడగను."

సెలవురోజు చూసుకుని సామాను పట్టుకుని వెళ్ళాను. ప్లగ్గు చూశాను, తీగలు చూశాను. డబ్బా విప్పి దుమ్ము దులిపాను. మెమరీ ముక్కలు ఊడదీసి రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించాను. వైరస్ ఏమైనా చేరిందేమోనని వెతికాను. ఎక్కడా తప్పు లేదు. పైగా మధ్యాహ్నం దాకా నా ఎదురుగా బుద్ధిమంతురాలిలా పనిచేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బావగారూ, మీరు రోజూ ఎలా వింటారో అలాగే పెట్టండి. నేను పక్కన నిలబడి చూస్తాను."

ఆయన ముందు కిటికీ మూశారు. తర్వాత అలమరాలోంచి మందపాటి రగ్గు తెచ్చి డబ్బా మీద నిండా కప్పి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు అంచులన్నీ లోపలికి దోపారు. నోరు తెరిచి ఏదో అనబోయాను. అంతలో అక్క గొంతు మొదలైంది. ఇక నాకేమీ గుర్తులేదు. అలా నిలబడిపోయి విన్నాను. ఎంతసేపు విన్నానో ఏమో, ఒక మాట మధ్యలో తెర నల్లబడింది.

"రగ్గేంటి బావగారూ! మతుండే చేస్తున్నారా? గాలాడక లోపల ఉడికిపోతోంది అది! మీరే దాన్ని చంపుతున్నారు!"

ఆయన బిత్తరపోయారు. "మీ అక్క కప్పేదిగా అమ్మా. తలుపు సందులోంచి చూశాను. చదివేటప్పుడల్లా కప్పే ఉండేది. అలా ఉంటేనే పనిచేస్తుందనుకున్నాను."

డబ్బా లోపలి ఫ్యాను రొద రికార్డులో పడకుండా అక్క కప్పేది. కాసేపు చదవగానే రగ్గు తీసి, డబ్బా చల్లారాక మళ్ళీ మొదలుపెట్టేది. అలా చెయ్యమని నేనే చెప్పాను. తియ్యడం ఆయనెప్పుడూ చూడలేదు.

రగ్గు లాగి పారేశాను. డబ్బా చల్లారాక ముందు కథని కాపీ చేద్దామని చూస్తే, రాలేదు. ఇంకోలా ప్రయత్నించాను, ఇంకోలా కూడా. అలా టక్కున ఆగిన ప్రతిసారీ లోపలి డిస్కుకి దెబ్బే. ఏ దెబ్బకి పోయిందో చెప్పలేను. నేను పక్కన చోద్యం చూస్తూ నిలబడ్డ ఈ దెబ్బకే కావచ్చు. కథ పోయింది. మొదలూ లేదు, చివరా లేదు.

"అయితే నేను విన్నప్పుడల్లా..." అని ఆగిపోయారు బావగారు.

నా నోరు పడిపోయింది. ఆ పడేదేదో ముందే పడి ఉంటే ఎంత బాగుండేది! అరవకుండా ఉంటే, డిస్కు పాతదైపోయిందండీ అని ఒక అబద్ధం ఆడి ఆయన్ని బతికించేదాన్ని. ఇప్పుడు ఏ అబద్ధమూ అతకదు. ఏడుపు ఆగక ఆయన ముందే ఏడ్చేశాను.

సాయంత్రం దాకా కూర్చుని ఆ డిస్కంతా గాలించాను. దొరికినవల్లా అక్క పనికిరావని కోసి చెరిపేసిన ముక్కలు. ఒకదాంట్లో దగ్గు. ఒకదాంట్లో తడబడ్డ వాక్యం. ఇంకోదాంట్లో "అబ్బబ్బా, మళ్ళీ మొదటికొచ్చింది" అని విసుక్కోవడం. బావగారు కుర్చీలో తల వంచుకుని విన్నారు.

"ఇవి నేనెప్పుడూ వినలేదమ్మా" అన్నారు.

తర్వాతి ముక్కలో అక్క గట్టిగా కేకేసింది. "ఏవండీ! ఆ వంటింట్లో కుళాయి కట్టండి, ఇక్కడిదాకా వినబడుతోంది!"

"ఆఁ, ఆఁ, కట్టేస్తున్నా" అంటూ బావగారు గబుక్కున లేచి వంటింట్లోకి వెళ్ళారు.

కుళాయి కట్టే ఉంది. ఆయన మాత్రం ఎంతసేపటికీ బయటికి రాలేదు. నేను పిలవలేదు.