మర్డో బురుజెక్కిన రోజు

కిన్‌లారీ కోటకి వెళ్దామని ముందు అన్నది మర్డోనే. రోనా కిటికీలోంచి మబ్బుల్ని చూసింది, మొగుడి మొహం చూసింది, కారు తాళాలు తీసుకుంది.

స్కాట్లాండ్‌లోని డండీ ఊళ్లో ఉద్యోగకాలమంతా సిటీ బస్సు నడిపిన మనిషిని పక్క సీట్లో పెట్టుకుని బండి నడపడం తేలికేం కాదు.

"బ్రేకు తొక్కు తల్లీ, బ్రేకు! గొర్రె!"

"అది గోడకి అవతలుంది బాబూ. ఇంకో మాటన్నావంటే నిన్నూ దాని పక్కన దించేసి పోతా."

దారిలో రెండుసార్లు బండి ఆపించాడు. రెండుసార్లూ టాయిలెట్‌లోంచి కప్పు గెలిచిన ఆటగాడిలా బయటికొచ్చాడు. తెలియనివాళ్లకి నవ్వులాటగా ఉంటుంది గానీ, మర్డోకి కిడ్నీలు రెండూ చెడిపోయి కొన్నేళ్లపాటు ఒంటేలన్నదే లేదు. వారానికి మూడు రోజులు డయాలసిస్. రోజంతటికీ చిన్న సీసాడు నీళ్లు. నాలుక పిడచకట్టుకుపోతే ఐసుముక్క చప్పరించేవాడు. కిందటి శీతాకాలంలో, చనిపోయిన ఎవరిదో కిడ్నీ తెచ్చి అతనికి అమర్చారు. ఇప్పుడు డాక్టర్లే నీళ్లు బాగా తాగమంటున్నారు. అన్నేళ్లు వాడకం లేక మూత్రాశయం కుంచించుకుపోయిందేమో, మాటిమాటికీ పరుగే. ఆ పరుగు చూసినప్పుడల్లా రోనాకి కడుపు నిండినట్టుండేది.

కోట పెద్ద హాల్లో గైడమ్మ గోడలో ఉన్న ఇరుకు గది ఒకటి చూపించింది. "పాతకాలంలో దొరలు పనులు కానిచ్చింది ఇక్కడేనండీ. కింద బొక్క, దాని కింద కందకం."

"కూర్చోగానే వచ్చేదాండీ?" అన్నాడు మర్డో.

"ఏంటండీ?"

"ఒంటేలు."

గైడమ్మ మొహం ఎర్రబడింది. "వచ్చే ఉంటుందండీ."

"అయితే నిజంగా దొరలే!"

రోనా అతని మోచెయ్యి గిల్లి తోటలోకి లాక్కుపోయింది. "సిగ్గులేదూ నీకు?"

"ఆస్పత్రిలో వదిలేసొచ్చా."

గుబురుగా కత్తిరించిన యూ అనే చెట్ల నీడన బెంచీ మీద అతన్ని కూర్చోబెట్టి, మబ్బు విడి కాస్తున్న ఎండ తగలకుండా టోపీ కిందికి లాగింది. మందుల డబ్బా కారులో మర్చిపోయింది. "ఇక్కణ్ణుంచి కదిలావంటే చూడు," అని చెప్పి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీ.

గులాబీల మడుల దగ్గర చూసింది. లిల్లీల కొలను దగ్గర చూసింది. మగాళ్ల టాయిలెట్ గుమ్మంలో నిలబడి పేరు పెట్టి అరిచింది. లోపలినుంచి ఎవరో "ఇక్కడ లేడమ్మా" అన్నారు. ఒక సాయంత్రం డయాలసిస్ నుంచి వచ్చి వంటింట్లో కుప్పకూలిపోయిన మర్డో గుర్తొచ్చాడు. నేలమీద ఆ తెల్లటి మొహం. రోనా కంకర దారిమీద పరిగెత్తబోయి తడబడింది.

పైనుంచి ఈల వినిపించింది.

"రోనా! ఓ రోనా! ఇటు, పైకి చూడు!"

బురుజు కొసన టోపీ ఊపుతున్నాడు మహానుభావుడు.

"ఉండు, అక్కడికొచ్చి నీ సంగతి తేలుస్తా!"

మెలికలు తిరిగే మెట్లు. పట్టుకోవడానికి గోడవెంట తాడొక్కటే. సగం దాటాక రోనా ఊపిరాడక ఆగిపోయింది. అప్పుడు తట్టింది: ఇవన్నీ మర్డో ఎక్కాడు. ఇంట్లో మేడమెట్లు ఎక్కలేకపోతుంటే కింది గదిలోకి మంచం దించుకున్న మర్డో! కోపం ఆ మెట్టుమీదే జారిపోయింది. అయినా తిట్టడం మానలేదు.

"బుద్ధుందా నీకు? గుండె ఆగిపోయిందనుకో."

"మధ్యలో ఒక్కసారే ఆగాను తెలుసా. అదీ ఎవరో లావుపాటాయన దిగుతుంటే దారివ్వడానికి." అతని మొహం వెలిగిపోతోంది. "పైకొచ్చాక థాంక్స్ చెప్పా. గట్టిగా. కాకులు లేచిపోయాయి."

"ఎవరికి?"

"కిడ్నీ ఇచ్చినవాళ్లకి. పేరు తెలీదుగా. ఎటుపక్క వాళ్లో కూడా తెలీదు. అందుకని నాలుగు దిక్కులకీ తిరిగి చెప్పా."

కింద కూరగాయల తోట, కంచెలు, ఆపైన బార్లీ చేలు. రోనా రాతిగోడ మీద చేతులానించింది. ఇన్నాళ్లూ నోటిదాకా రాని మాట వచ్చేసింది.

"నాది సరిపోయుంటే ఎంత బావుండేది. పరీక్ష చేసి నా కిడ్నీ నీకు పనికిరాదన్న రోజు..."

"పిచ్చిదానా," అన్నాడు మర్డో. "ఆ పుణ్యాత్ములెవరో గానీ, వాళ్ల మేలు చచ్చేదాకా మర్చిపోను. కానీ అందాకా నన్ను బతికించి ఉంచిందెవరు? మంచనక వాననక తెల్లారకముందే ఆస్పత్రికి బండి తోలిందెవరు? నాకు దాహమేస్తుందని నా ఎదుట టీ తాగడం మానేశావు. వంటింట్లో తలుపేసుకుని తాగేదానివి. నాకు తెలీదనుకున్నావా? చెంచా చప్పుడు వినబడేది."

రోనా అతని కాలరు సరిచేసింది.

"ముందే చెబుదామనుకున్నా. ఏడ్చేస్తానని భయమేసి ఊరుకున్నా." అన్నట్టుగానే ఏడ్చేశాడు. రోనా తన స్వెట్టరు చేతితో అతని మొహం తుడిచింది, ఆ తర్వాత తన మొహం తుడుచుకుంది. పైకెక్కిన కుర్రజంట ఒకటి వీళ్లని చూసి అవతలి మూలకి పోయింది.

దిగేటప్పుడు మర్డో ముందు నడిచాడు, వెనక్కి చెయ్యి అందిస్తూ.

పాత గుర్రాలశాలలోనే ఇప్పుడు టీ కొట్టు. రోనా అలవాటుగా వరస దగ్గరికి నడవబోతే భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. "నేను తెస్తా."

"ట్రే బరువుంటుంది మర్డో."

"బస్సు కంటేనా?"

ట్రే పట్టుకుని బల్లల మధ్యనుంచి వస్తుంటే రోనా కుర్చీలోంచి సగం లేచింది. మళ్లీ కూర్చుంది. టమాటా సూపు రెండు గిన్నెలు, రొట్టె, వెన్న. కిడ్నీలు చెడ్డాక టమాటా విషంతో సమానమన్నారని అది ఆ ఇంట్లోకే రాలేదు; ఇప్పుడా అడ్డు లేదు. మొదటి చెంచా నోట్లో పెట్టుకుని మర్డో కాసేపు మింగకుండా ఉండిపోయాడు.

"ఎలా ఉంది?"

"ఉప్పు తక్కువైంది," అన్నాడు. "అమృతంలా ఉంది."

రోనా బల్ల కింద బూట్లు విప్పేసి కాళ్లు చాపుకుంది. అతను రొట్టెకి వెన్న రాసి ఇస్తుంటే, ఒక్కో ముక్కే అందుకుని తీరిగ్గా తింది.