గొర్రెచర్మం మీద కంప్యూటర్

జూరకాన్ అక్క కంప్యూటర్ బిగిస్తున్నంతసేపూ దుకాణంలో ఎవరూ నోరు మెదపకూడదని నియమం. ఆ నియమం నాకు వర్తించదు. ఇరవై రెండేళ్లుగా ఆవిడ పక్కన కూర్చుని వాగుతూనే ఉన్నాను, ఆవిడ విననట్టే ఉంటుంది. బిష్కెక్‌లో మాది రెండు గదుల దుకాణం. వచ్చినవాళ్లకు టీ పోసి మాటల్లో పెట్టడం నా పని. బిగించడం, పరీక్షించడం ఆవిడ పని. నా పేరు ఎర్మెక్ అని కొందరికి తెలుసు, మిగతావాళ్లు నన్ను జూరకాన్ దగ్గర మాట్లాడే మనిషి అంటారు.

ఆవిడ సోవియట్ రోజుల్లో రేడియోల ఫ్యాక్టరీలో టంకం పెట్టేది. యాభై ఎనిమిది దాటినా ఇప్పటికీ ఆ చెయ్యి వణకదు. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టి బియ్యపుగింజంత చుక్క వేస్తుంది, అంతే. నేనైతే రొట్టెకు మీగడ రాసినట్టు రాసేస్తాను, అందుకే నన్ను ముట్టుకోనివ్వదు. ఆరు ఫ్యాన్లు ఒకేసారి తిరుగుతుంటే కళ్లు మూసుకుని విని, మూడోది తీసెయ్ అంటుంది. నాకు ఆరూ ఒక్కలాగే వినిపిస్తాయి. తీసి విడిగా తిప్పితే దాని బేరింగులో సన్నగా గరగర ఉంటుంది. అలాంటప్పుడు నాకు ఒళ్లు మండుతుంది, గర్వంగానూ ఉంటుంది.

మార్చిలో ఐజమల్ వచ్చింది. ఉజ్గెన్ వైపు కొండల్లో కిజిల్-జార్ అనే ఊరి కోడలు. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో, బూట్ల నిండా బురద, ఇచ్చిన టీ తాగడం కూడా మర్చిపోయి చెప్పుకుపోయింది. జిల్లా ఆఫీసు తరఫున కొండచరియల్ని కొలవడం ఆ అమ్మాయి ఉద్యోగం. డ్రోన్ ఎగరేసి చరియను రెండు వేల ఫొటోలు తీస్తుంది. వాటిని కంప్యూటర్లో ఒకదానితో ఒకటి అతికించి, కిందటి సారి ఫొటోలతో పోలిస్తే, మట్టి ఎక్కడ ఎంత జారిందో తేలుతుంది. ఆఫీసులో ఉన్నది ఒకటే గది కాబట్టి ఆ పనంతా ఇంట్లోనే చేస్తుంది. తన పాత కంప్యూటర్‌లో దానికి తొమ్మిది రోజులు పట్టేది.

కిందటి వసంతంలో వానలు ముంచుకొస్తుంటే ఆ తొమ్మిది రోజులు ఆగలేక, లెక్క పూర్తికాకుండానే పదకొండు ఇళ్లు ఖాళీ చేయించింది. జనం పంతొమ్మిది రోజులు గుడారాల్లో తడిశారు. కొండ కదల్లేదు. తిరిగొచ్చాక ఊరంతా ఆ అమ్మాయిని చూసి నవ్వింది. అందరికంటే ఎక్కువ మాటలన్నది సొంత అత్తగారు బాత్మా.

"ఈసారి పూర్తి లెక్క చూపిస్తే తప్ప ఒక్కరూ గడప దాటరు అక్కా. ఒక్క రోజులో తేల్చే యంత్రం కావాలి," అంది ఐజమల్.

జూరకాన్ అక్క మూడు ప్రశ్నలు అడిగింది. ఫొటోలు ఎన్ని, ఏ ప్రోగ్రాములో అతికిస్తావు, ఊళ్లో కరెంటు ఎలా ఉంటుంది. జవాబులు పెన్సిల్‌తో రాసుకుని, సరే అంది.

బిగించడానికి రెండు రోజులు పట్టింది, పరీక్షకు ఆరు రోజులు పట్టింది. ర్యామ్ ముక్కలు నాలుగు. వాటిని ఆపకుండా పరీక్షిస్తే నాలుగో విడతలో ఒకే ఒక్క తప్పు వచ్చింది. కోట్ల అంకెల్లో ఒక్కటి. ఇలాంటివి ఎవరూ పట్టించుకోరు, పోనిమ్మన్నాను. ఆవిడ తలెత్తి చూసింది.

"ఆ ఒక్క తప్పు ఎవరింటి మీద పడుతుందో నీకు తెలుసా?"

నాలుగూ వెనక్కి పంపి కొత్తవి తెప్పించాం. మళ్లీ మొదటి నుంచి. ఆ తర్వాత గది తలుపులు మూసి, హీటర్ పెట్టి, మే నెల వేడి పుట్టించి, ప్రాసెసర్ మీదా గ్రాఫిక్స్ కార్డు మీదా మోయగలిగినంత లెక్కల బరువు వేసి రెండు పగళ్లూ రెండు రాత్రులూ నడిపింది. అరగంటకోసారి వేడి ఎంతో చూసి గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టేది. కంప్యూటరే ఆ లెక్క రాసిపెడుతుంది కదా అంటే, జ్వరం వచ్చినవాణ్నే జ్వరం ఎంతని అడుగుతామా అంది. చేతి వెనక భాగం క్యాబినెట్‌కు ఆనించి చూసేది. నలభై ఎనిమిది గంటల తర్వాత ఆ చుక్కలన్నీ కలిపితే బల్లపరుపు గీత. ఇన్నేళ్లలో మా దుకాణం నుంచి అంత నిబ్బరమైన యంత్రం బయటికి వెళ్లలేదు. నాకు దానికి దండం పెట్టాలనిపించింది.

వ్యానులో నేనే తీసుకెళ్లాను. రెండు కనుమలు దాటి పన్నెండు గంటల దారి. బాత్మా గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఎనభై ఏళ్ల మనిషి, నిటారుగా ఉంటుంది. కోడలి లెక్కల మీద ఆవిడకు నమ్మకం లేదు కానీ, దూరం నుంచి వచ్చినదాన్ని గుమ్మం పక్కన పడేయడం ఆ ఇంటి పద్ధతి కాదు. గుమ్మానికి ఎదురుగా, లోపలి గోడవైపు, పెద్దల్ని కూర్చోబెట్టే తోర్‌లో చోటు చేసింది. పెద్ద అతిథులకు వేసే పొడుగు ఉన్ని గొర్రెచర్మం పరిచి, దాని మీద పెట్టమంది. పెట్టాను. పది నిమిషాలు నడిపి చూపించాను, అద్భుతంగా నడిచింది. తర్వాత ఆవిడ తన చేత్తో కుట్టిన ఎర్రపూల ముసుగు తెచ్చి దాని మీద నిండుగా కప్పింది. మా సరుకుకు ఇంత మర్యాద ఎక్కడా దొరకలేదని నేను పొంగిపోయాను. ఉజ్గెన్ బియ్యంతో చేసిన పులావ్ రెండు పళ్లేలు లాగించి మర్నాడు తిరుగుముఖం పట్టాను.

సోమవారం పొద్దున్నే ఐజమల్ ఫోన్ చేసింది. శనివారం డ్రోన్ ఎగరేసింది, ఆదివారం లెక్క మొదలుపెట్టింది. తేలిక పనంతా మూడు గంటలు బాగానే చేసి, అసలు బరువు పడగానే యంత్రం టక్కున ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అక్కడే ఆగింది. శుక్రవారం నుంచి వానలంటున్నారు. నవ్వడానికి ఊరు సిద్ధంగా ఉంది. ఏడవడం లేదు కానీ గొంతు ఏడుపులాగే ఉంది.

నేను ఊరి కరెంటును తిట్టాను, తీగలను తిట్టాను, పవర్ సప్లై అమ్మినవాణ్ని కూడా వదల్లేదు. జూరకాన్ అక్క తన గ్రాఫు కాగితం తీసి బల్ల మీద పరిచింది. చాలాసేపు చూసింది.

"ఎక్కడ పెట్టావ్?"

"తోర్‌లో. ఇంకెక్కడ పెడతారు?"

"కింద?"

"గొర్రెచర్మం. మంచి పొడుగు ఉన్నిది."

"పైన?"

అప్పటికి నాకు అర్థమైంది. ముసుగు అన్నాను. ఆ క్యాబినెట్ గాలి పీల్చేది అడుగు నుంచి, వదిలేది పైనుంచి. రెండు వైపులా ముక్కూ నోరూ మూసి, పైగా మురిసిపోయి పులావ్ తిని వచ్చాను.

ఆవిడ తిట్టలేదు. ఇంటికి వెళ్లి తన గొర్రెచర్మం, ఒక దుప్పటి తెచ్చింది. దుకాణంలో ఉన్న అలాంటి యంత్రాన్నే చర్మం మీద కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, పూర్తి బరువు వేసింది. ముప్పై అయిదో నిమిషంలో అదీ టక్కున ఆగింది. కాగితం మీద చివరి చుక్క పెట్టి పెన్సిల్ కింద పెట్టింది.

తప్పు తనదే అంది. ఆరు రోజులు బల్ల మీద పరీక్షించాను, అది బతకాల్సింది ఇంట్లో కదా, ఇంట్లో ఎక్కడ కూర్చుంటుందో ఒక్కసారి కూడా అడగలేదు అంది. నేను అడ్డుపడ్డాను, కళ్లారా చూసి వచ్చినవాణ్ని నేనున్నాను కదా అన్నాను. వినిపించుకోలేదు.

ముసుగు తీసెయ్యమని ఐజమల్‌కు ఫోన్‌లో చెబితే, అవతల గొంతు గుసగుసలోకి దిగింది. అత్తయ్య కప్పింది, నేనెలా తీస్తాను అక్కా, అసలే నా మాటకు విలువ లేదు అంది. ఎలాగూ యంత్రాన్ని విప్పి, అది లోపలికి పీల్చిన ఉన్నిని తీయాల్సిందే. మంగళవారం తెల్లవారకముందే ఇద్దరం బయలుదేరాం. దారి పొడుగునా నేను మాట్లాడలేదు. అందుకు జూరకాన్ అక్క కాస్త భయపడినట్టుంది, రెండుసార్లు నాకు ఒంట్లో ఎలా ఉందని అడిగింది.

సాయంత్రానికి చేరాం. జూరకాన్ అక్క ముసుగును రెండు చేతులతో ఎత్తి, మడిచి, కళ్లకద్దుకుని బాత్మాకు అందించింది.

"పెద్దమ్మా, ఈ అతిథికి గాలే భోజనం. మా ఎర్మెక్ నీకు ఆ సంగతి చెప్పకుండా మీ ఇంట్లో కడుపునిండా తిని వచ్చాడు."

బాత్మా ముఖం ఎర్రబడింది. తోర్‌లో కూర్చోబెట్టి పస్తు పెట్టానా అంది. పెట్టింది నువ్వు కాదు, మేము అంది జూరకాన్ అక్క. తర్వాత యంత్రాన్ని పక్కకు వాల్చి విప్పింది. అడుగు జాలీ అంతా ఉన్ని. లోపల ప్రాసెసర్‌ను చల్లబరిచే సన్నటి రేకుల మధ్య వరకూ వెంట్రుకలు చిక్కుకున్నాయి. చిన్న పట్టకారుతో ఒక్కొక్కటే లాగుతుంటే, ఒకటి తెగి రెండవుతోంది. బాత్మా కాసేపు చూసింది, చూడలేకపోయింది. ఉన్ని సంగతి నాకు తెలుసు, జరుగు అంది. సన్నటి పుల్లను తడిపి, రేకుల సందులో పెట్టి, నూలు వడికినట్టు మెలితిప్పుతూ లాగితే, వెంట్రుకలన్నీ ఒకే పోగై బయటికొచ్చాయి. రేకు ఒక్కటి కూడా వంగలేదు. జూరకాన్ అక్క ఆ వేళ్లను చూసిన చూపు నేను ఎప్పటికీ మర్చిపోను. మంచి పనివాణ్ని చూస్తే మా అక్కకు కళ్లలో అలాంటి వెలుగు వస్తుంది. నా వైపు అలా చూసింది ఇంతవరకు లేదు.

ఇంట్లో అందరూ భోజనం చేసే పొట్టి బల్లను బాత్మా తనే తెచ్చి తోర్‌లో పెట్టింది. యంత్రం దాని మీద కూర్చుంది, మేం నేల మీద గుడ్డ పరుచుకుని తిన్నాం.

బుధవారం పొద్దున అయిదింటికి ఐజమల్ లెక్క మొదలుపెట్టింది. మూడో గంట దగ్గరపడింది. బరువు పడింది. ఆరు ఫ్యాన్లూ కలిసి గొంతు పెంచాయి. జూరకాన్ అక్క చేతి వెనక భాగం ఆనించింది, గడియారం చూసింది, చుక్క పెట్టింది. నాలుగో గంట, అయిదో గంట, చుక్కలు ఒకే వరుసలో వెళ్తున్నాయి. బాత్మా వచ్చి ఆవిడలాగే చెయ్యి ఆనించి చూసి, పాలిచ్చే ఆవు ఒళ్లంత వెచ్చన అంది. అంతకంటే ఎక్కువైతే చెప్పు అంది జూరకాన్ అక్క. ఆ తర్వాత ముసలావిడ పక్కనుంచి కదల్లేదు.

సాయంత్రం ఏడింటికి పటం తయారైంది. ఐజమల్ తెర ముందు కూర్చుని కిందటి శరదృతువు పటాన్ని దాని మీద వేసింది. పచ్చటి చరియ మధ్యలో ఎర్రరంగు నాలుకలా కిందికి సాగింది. ఆరు నెలల్లో మీటరున్నర జారింది, పైన కొత్త పగులు పడింది. ఎరుపు దారిలో పదమూడు ఇళ్లున్నాయి. మూడోది మేం కూర్చున్న ఇల్లు.

ఐజమల్ తల ఎత్తలేదు. కిందటేడు గుడారంలో కూర్చోబెట్టిన మనిషికి మళ్లీ అదే మాట చెప్పాలి. చెప్పింది, నేలను చూస్తూ, వీలైనంత చిన్నగా.

బాత్మా కోడలివైపు చూడలేదు. జూరకాన్ అక్కను అడిగింది.

"నువ్వు చెప్పమ్మాయ్. ఈ పెట్టె తప్పు చెప్పదు కదా?"

ఆవిడ చోట నేనుంటే మా పెట్టెను ఆకాశానికి ఎత్తేసేవాణ్ని. ఆవిడ తన గ్రాఫు కాగితం చూపించింది.

"పెట్టె ఏమీ చెప్పలేదు పెద్దమ్మా. అలసిపోకుండా కూర్చుంది, అంతవరకే నాకు తెలుసు, అంతవరకే నేను పూచీ. కొండ ఎక్కి కొలిచిందీ, లెక్క వేసిందీ, చెప్పిందీ నీ కోడలు. కిందటేడు కూడా ఆ అమ్మాయికి లెక్క రాకపోవడం కాదు, దాని చేతిలో పనిముట్టు లేదు."

బాత్మా లేచి వెళ్లి, కోడలి పక్కన నేల మీద కూర్చుంది. ఆ ఇంట్లో ఆవిడ తోర్ వదిలి కింద కూర్చోవడం ఐజమల్ ఎప్పుడూ చూసి ఉండదు, గాభరాగా లేవబోయింది. ముసలావిడ మోచెయ్యి పట్టి ఆపింది.

"మన ఇల్లు ఏదో వేలు పెట్టి చూపించు," అంది.

ఐజమల్ చూపించింది. బాత్మా ఆ ఎర్ర చోటును చాలాసేపు చూసింది. ఆ ఇంట్లో ఆవిడ అరవై ఏళ్లు కాపురం చేసింది, ఆరుగురు పిల్లల్ని కన్నది.

"రేపు పొద్దున్నే మన సామాను ముందు బయట పెట్టు," అంది చివరికి. "మనం కదిలితే వాళ్లు కదులుతారు. ఎవరైనా నవ్వితే నా దగ్గరికి పంపు."

గురువారం మధ్యాహ్నానికి పదమూడు ఇళ్లూ ఖాళీ అయ్యాయి. నా వ్యాను ఏడు సార్లు జనం తలదాచుకునే దిగువ బడికీ ఊరికీ మధ్య తిరిగింది. ఎవరూ నవ్వలేదు. శుక్రవారం చినుకులు మొదలయ్యేసరికి మేం కనుమ దాటాం.

తర్వాతి మంగళవారం, పదకొండు గంటలప్పుడు, దుకాణంలో ఫోన్ మోగింది. జూరకాన్ అక్క చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది, అందుకని నేను తీసి ఆవిడ చెవి దగ్గర పెట్టాను. అవతలి గొంతు నాకూ వినిపించింది.

"ఇంటి మీద పన్నెండు మీటర్ల మట్టి ఉంది అక్కా," అంది ఐజమల్. "పదమూడు ఇళ్లలో ఒక్కటీ కనిపించడం లేదు."

"లోపల?" అంది జూరకాన్ అక్క.

"ఎవరూ లేరు. అత్తయ్య ఇక్కడ బళ్లో అందరికీ రొట్టెలు కాలుస్తోంది. వచ్చినవాళ్లందరికీ మా కోడలు లెక్క వేసింది అని చెబుతోంది."

జూరకాన్ అక్క స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టబోయింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ చెయ్యి వణకడం చూశాను.