లుహాన్ బుర్రలో మిగిలిన నాటకం

మొదటి అంకం సగంలో ఉండగా గస్పారా తెర సందులోంచి ఆ మనిషిని చూసింది.

వలెన్సియా నాటకశాల ముంగిట్లో నాలుగువందల మంది హేజెల్ గింజలు కొరుకుతూ వేదికనే చూస్తున్నారు. అతనొక్కడే కళ్లు మూసుకున్నాడు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

"లుహాన్!" అంది పళ్లు కొరికి.

నాటక సమాజాలవాళ్లకి ఆ పేరు వింటే ప్లేగు వచ్చినంత దడ. అతను కలం పట్టడు. విన్న నాటకాన్ని విన్నట్టు బుర్రకెక్కించుకుని పోటీ సమాజానికి అప్పజెప్పేస్తాడు. పది రోజుల్లో గస్పారా ఇదే నాటకాన్ని సరగోసాలో ఆడాలి. పోటీదారు ఎస్పినార్ సమాజం అక్కడ ముందే ఆడేసిందా, ఆమెకిక ఏ ఊరూ తలుపు తీయదు. మొగుడు పోయాక పదకొండు మందితో ఈదుకొస్తున్న సమాజం మూతపడుతుంది.

ఊరి భటుణ్ణి పిలిచింది.

"దొంగసొత్తు ఎక్కడుందమ్మా?"

"వాడి తలకాయలో."

"తలకాయ జప్తు చేసే అధికారం నాకు లేదు తల్లీ," అంటూ చక్కా పోయాడు.

గస్పారా బసకి వెళ్లగానే నటులందర్నీ పోగేసింది. "మీకు మాటలన్నీ కంఠతా వచ్చుగా? ఎస్పినార్ మనుషులు పెట్టెలు కూడా వెతుకుతారు. కాగితాలన్నీ పొయ్యిలో పడెయ్యండి. రేపట్నించి మూడంకాలూ నోటికొచ్చినట్టు మార్చెయ్యండి. ఏది అసలుదో తెలీక వాడి బుర్ర తిరిగిపోవాలి!"

రెండోనాడు కథానాయకుడి వేషం కట్టే ఫద్రీకే పెళ్లికూతుర్ని వదిలేసి సన్యాసుల్లో కలిశాడు. మూడోనాడు పెళ్లికూతురే మగవేషం వేసుకుని ఓడెక్కేసింది. జనం కొట్టుకున్నంత పని చేసి, మర్నాడు మళ్లీ వచ్చారు. అలా ఆరు రోజులు.

ప్రయాణానికి ముందు అసలు నాటకం ఒకసారి వేసి చూసుకుందామంది గస్పారా.

ఫద్రీకే నోరు తెరిచాడు. మూసేశాడు. "అమ్మగారూ, ఇక్కడ నేను ఏడవాలా, నవ్వాలా?"

ఎవరికీ గుర్తులేదు! నాటకం రాసిచ్చిన కవి చూస్తే ఓడెక్కి నేపుల్స్ వెళ్లిపోయాడు. పొయ్యిలో చూస్తే బూడిద.

గస్పారా పరుగున వెళ్లి లుహాన్‌ని పట్టుకుంది. సారాకొట్టు మూల కూర్చుని, ఆలివ్‌లు నములుతూ దిగాలుగా ఉన్నాడతను.

"రండి రండి," అన్నాడు. "మీ పుణ్యమా అని నా పరువు పోయింది. ఒకే నాటకానికి ఆరు కథలేంట్రా, తాగొచ్చావా అని ఎస్పినార్ మెడపట్టి గెంటాడు."

"మొదటిరోజుది గుర్తుందా?"

"మీవాడు తుమ్మిన చోటుతో సహా."

"మాకు మళ్లీ చెప్పు బాబూ. నీకేం కావాలి?"

లుహాన్ ఆలివ్ గింజ ఉమ్మేసి సిగ్గుపడ్డాడు. "ఎనిమిదేళ్లుగా వేదిక కింద నిలబడుతున్నానమ్మగారూ. ఒక్కసారి పైకి ఎక్కించండి. ఇక జన్మలో ఎస్పినార్ గడప తొక్కను."

"ఒట్టు?"

"ఒట్టు."

దారిపొడుగునా బండిమీద నాటకం అప్పజెప్పాడు. ఒక్క ముక్క పొల్లు పోలేదు. గస్పారా అతనికి నౌకరు వేషం ఇచ్చింది. ఒకే మాట: "అయ్యా, గుర్రాలు సిద్ధం."

సరగోసాలో రెండంకాలు అదిరిపోయాయి. మూడో అంకంలో లుహాన్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. ముంగిలి నిండా జనం. ఆ కళ్లన్నీ తనమీదే!

నోరు పెగల్లేదు.

"ఏరా, ఏమైనా చెప్పాలా?" అన్నాడు ఫద్రీకే.

తలూపాడు. అంతే. వెనకనుంచి ఎవడో దోసకాయ విసిరాడు.

"గుర్రాల సంగతా?"

మళ్లీ తలూపాడు.

"ఎక్కితే పోతాయా, పడేస్తాయా?"

లుహాన్ గబగబా రెండింటికీ తలూపాడు. ముంగిలంతా గొల్లున నవ్వింది. ఆడవాళ్ల అరుగుమీంచి ఈలలు. నాటకం అయ్యాక రేపూ ఇదే కావాలని జనం కదల్లేదు. నాటకశాల యజమాని మరో పది రోజులు ఉండమన్నాడు.

తెర వెనక లుహాన్ చెమటలు కక్కుతున్నాడు. "మాట మరీ పొడుగైందమ్మగారూ. రేపు ఒక గుర్రాన్ని తగ్గించండి."

"రేపు ఇక్కడే నిలబడి మిగతావాళ్లకి మాటలందించు," అంది గస్పారా. "గుర్రాల సంగతీ, ఆ తలూపుడూ నేను చూసుకుంటా."