కళ్ళు తెరిచే పూట

గడ్డం గీసుకునే అద్దాన్ని తువ్వాలులో చుట్టి రూబెన్ అన్నం సంచిలో దూరుస్తుంటే భార్య హన్నమ్మ చూడనే చూసింది.

"అద్దం యాడికి తీస్కపోతాండావ్?"

"పనుంది."

"ఏం పనో నాకు తెలీదా? షెడ్డులో బొమ్మలకు చూపిచ్చినట్ల ఆ కంప్యూటర్ డబ్బాకు చూపిస్తావ్. ప్రభువు బిడ్డవేనా నువ్వు? పాస్టరయ్యకు చెప్తా ఉండు."

"చెప్పుకో పో."

"రేపు తెల్లారే కర్నూలు ఆసుపత్రికి. ఇంగ రేపు మాపు అన్నావంటే ఊరుకునేది లేదు."

"వస్తానంటి గదా."

ఆ మాటకే దగ్గు ఎగదన్నింది. గోడ పట్టుకుని నిలబడ్డాడు. దగ్గు ఆగినా రొమ్ములో ఈల ఆగలేదు. ఓబయ్యకూ ఇట్లాగే ఈల వేసేది. ఆళ్ళగడ్డ శిల్పాల షెడ్డులో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నల్లరాతికి మెరుగు పట్టినవాళ్ళు. ఆ దుమ్మే ఇద్దరి రొమ్ముల్లోనూ పేరుకుంది. ఓబయ్య తన కాళ్ళతోనే బస్సెక్కి కర్నూలు ఆసుపత్రికి పోయి, శవాల బండిలో తిరిగొచ్చాడు. తన దారీ అదేనని రూబెన్‌కు తెలుసు. చేతిలో ఉన్నది ఈ ఒక్క పూట.

నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని బొటనవేలు చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళు రాతిని రుద్దితే రాయి నున్నబడింది, వేలూ నున్నబడింది. రేషన్ దుకాణంలో యంత్రం ఆ వేలిని ఏనాడూ ఒప్పుకోలేదు. హన్నమ్మ వచ్చి వేలు పెడితేనే బియ్యం. ఎందరు దేవుళ్ళ చెంపలు నిగనిగలాడించాడో లెక్క లేదు. ఒక్కరికీ కళ్ళు తెరవలేదు. అది మేస్త్రీ పని. కళ్ళు ఆఖరున చెక్కుతారు. ఎదురుగా మనిషి ఉండకూడదు, తొలిచూపు అద్దం మీద పడాలి. ఆ వేళకు మెరుగు కూలీలను బయటికి పంపేసేవాళ్ళు. రేకుల నీడన బీడీ కాలుస్తూ రూబెన్ లోపలి ఉలి చప్పుడు వినేవాడు. అంతే.

ఊపిరి చెడి షెడ్డు మానేశాక నంద్యాలలో ప్రవీణ్ కంప్యూటర్ రిపేరు దుకాణంలో చేరాడు. డబ్బాలు విప్పి దుమ్ము ఊదడం పని. చూసీ చూసీ, అడిగీ అడిగీ కొంత నేర్చుకున్నాడు. మూల పడున్న పాత డబ్బాను ప్రవీణ్ ఇచ్చేశాడు. కంప్యూటర్‌ను నడిపే సిస్టం అందరూ తయారుగా దొరికేదే ఎక్కించుకుంటారు. రూబెన్ మాత్రం లినక్స్ అనే సిస్టంను ముక్కముక్కగా తెచ్చి, ఒక్కొక్కదాన్నీ తనే కట్టుకుంటూ వచ్చాడు. తప్పితే చెరిపి మళ్ళీ కట్టాడు. ఇంతవరకు అది, అదే డబ్బాలో ఇంకో డిస్కు మీదున్న పక్క సిస్టం ఒడిలో కూర్చుని పెరిగింది. ఇప్పుడు ఒడి దించి తన కాళ్ళ మీద లేపాలి.

"ఏందన్నా, ఈ పొద్దు పెండ్లా? తెల్లచొక్కా ఏస్కొచ్చినావ్," అన్నాడు ప్రవీణ్.

"పెండ్లే."

"పిల్ల యాడ?"

రూబెన్ గడ్డంతో డబ్బా వైపు చూపించాడు. ప్రవీణ్ నవ్వబోయి, ఆయన పెదాల నీలం చూసి ఆపుకున్నాడు.

"బాగలేనట్లుండావ్. ఇంటికి పో అన్నా. డబ్బా యాడికీ పోదు."

"అది పోదులే."

బియ్యం మిల్లులో కంప్యూటర్ ఆగిపోయిందని పిలుపు వస్తే ప్రవీణ్ సంచి అందుకున్నాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు. "డిస్కు పేరు చూసుకున్యావా? రెండు డిస్కులుండేటప్పటి పేరు ఒంటిగా లేసేటప్పుడు ఉండదు."

అతను వెళ్ళాక కరెంటు పోయింది. చీకటి కొట్లో బ్యాటరీ కుయ్యోమని ఏడ్చింది. కరెంటు వచ్చేదాకా రూబెన్ కదలకుండా, ఊపిరిని కొసరి కొసరి తీసుకుంటూ కూర్చున్నాడు.

తరువాత, యంత్రం లేచేటప్పుడు ఏ డిస్కును వెతుక్కోవాలో చెప్పే ఫైలు తెరిచాడు. తప్పు అక్కడే ఉంది. తన డిస్కును రెండోదని రాశాడు. పక్క సిస్టం డిస్కు వెనక తగిలించి ఉన్నన్నాళ్ళూ అది రెండోదే. ఒంటరిగా నిలబడితే అదే మొదటిది. ఎప్పుడూ రెండో మనిషిగా బతికిన చెయ్యి, అలవాటు కొద్దీ రెండనే రాసింది. దిద్దాడు. మెల్లగా రెండుసార్లు చదువుకున్నాడు. యంత్రానికి పేరు పెట్టాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాల్లో ఓబయ్య అని కొట్టాడు.

అంతా ఆపి, పక్క సిస్టం డిస్కు పీకి, తన డిస్కు ఒక్కటే ఉంచాడు. ఆ కాస్త పనికే చొక్కా చెమటతో వీపుకు అతుక్కుంది. రొమ్ములో ఈల ఎప్పుడు ఆగిందో ఆయన గమనించలేదు. అద్దం తీసి స్క్రీనుకు ఎదురుగా గోడకు ఆనించాడు. స్టూలు పక్కకు జరుపుకుని, చెయ్యి మాత్రం చాపి, బటన్ నొక్కాడు.

ఫ్యాన్ తిరిగింది. అద్దంలో తెల్లటి వరుసలు తిరగబడి పరుగెత్తాయి.

ప్రవీణ్ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. "ఏమన్నా, లేసిందా పెండ్లికూతురు?" అంటూ లోపలికొచ్చాడు. రూబెన్ గోడకు ఒరిగి, తల వాల్చి ఉన్నాడు. ప్రవీణ్ భుజం పట్టి కదిపాడు. మళ్ళీ కదిపాడు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు, ఊపిరి తగల్లేదు.

అద్దంలో ఓబయ్య పేరు తిరగబడి ఉంది. దాని పక్కన, లోపలికొచ్చేది ఎవరని అడుగుతూ చిన్న గీత వెలిగి ఆరుతోంది. సరిగ్గా ఆ గీత మీద, అద్దానికి పట్టిన దుమ్ములో, ఒక్క రేఖైనా లేని బొటనవేలి ముద్ర.